నా ఎడమకాలి ఎత్తు చెప్పు

ప్రియమైన సహోదరులారా, ఈ నాలుగు మాటలు రాస్తున్న నేను ఒకప్పుడు పదకొండు నెలలు నేలమీద దేకినవాణ్ణి. కర్నూలు మనకు రాజధాని అయిన కొత్తల్లో మాట ఇది. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళ గనిలో పనిచేసేవాణ్ణి, ఒకనాడు గడ్డపారతో లేపిన బండ జారి నా ఎడమ తొడ మీద పడింది, ఎముక రెండు ముక్కలైంది. ఊళ్ళో కట్టు కట్టే ఆయన వెదురు బద్దలు పెట్టి కట్టాడు, ఆయన తప్పేమీ లేదు, కదలొద్దని ఆయన చెబితే పని పోతుందని నేనే ముందుగా లేచాను, ఎముక వంకరగా అతుక్కుంది, కాలు రెండంగుళాలకు పైగా కురచైపోయింది. నా భార్య మరియమ్మ నన్ను వీపున వేసుకొని పెరట్లోకి మోసుకుపోయేది. ముప్పై ఏళ్ళ మగవాణ్ణి! "తండ్రీ, నన్ను లేపు, లేకపోతే తీసుకుపో, ఈమె నడుము మాత్రం విరగ్గొట్టవద్దు" అని ఏడ్చేవాణ్ణి.

చాలామంది సాక్ష్యాలు విన్నాను నేను, ప్రార్థన చేశాము, తెల్లారేసరికి బాగైంది అని చెప్పి కూర్చుంటారు, మధ్యలో మందిచ్చిన చెయ్యి ఎవరిదో ఒక్కరూ చెప్పరు! నేను అట్లా చెప్పను. మా సంఘపు పాదిరి అయ్యగారు నన్ను ఎద్దులబండిలో పడుకోబెట్టి మిషను ఆసుపత్రికి చేర్చారు, అక్కడి డాక్టరమ్మ వంకరగా అతికిన ఎముకను మళ్ళీ విరిచి, దాని మూలుగ లోపలికి నిలువునా ఒక ఉక్కు కమ్మీ దింపింది. ఎముక పూర్తిగా కట్టుకునేదాకా నా బరువు మోసేది ఆ కమ్మీయేనని చెప్పింది. ఆ మంచం మీదనే, బడి ముఖం చూడని నేను, పక్క మంచం ఆయన దగ్గర అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. దేవునికి స్తోత్రం!

నేను కర్ర పట్టుకొని నిలబడగలిగిన రోజున డాక్టరమ్మ చేసిన పని వినండి. నడకను కొలిచే యంత్రాలు ఇప్పుడు పట్నాల్లో ఉన్నాయంటారు, అప్పుడు ఆమె దగ్గర ఒక తొట్టి నీళ్ళూ, సుద్దముక్కా, దర్జీవాళ్ళ టేపూ ఉండేవి. ఆసుపత్రి వరండా అంతా మా నల్ల బండలే. పాదాలు తడిపి నడవమనేది, తడి ఆరకముందే ప్రతి అడుగు చుట్టూ సుద్దతో గీసేది, అడుగుకూ అడుగుకూ ఎంత దూరం, వేళ్ళు ఎటు తిరిగాయి, మడమ ఎంత ఆనింది, అన్నీ కొలిచి రాసుకునేది. జీవితమంతా బండలు కొలిచిన నేను, బండ మీద నా నడకను ఒకరు కొలవడం అప్పుడే చూశాను!

కాలు ఇంకా అంగుళం కురచగానే ఉంది. దానికి సరిపడా ఎడమకాలికి అడుగున అంగుళం ఎత్తు తోలు అట్టతో చెప్పు కుట్టించి, "ఏడాది పాటు ఇది లేకుండా ఒక్క అడుగు వేయొద్దు, ఇంట్లో కూడా. ఒరిగి నడిస్తే కమ్మీ వంగుతుంది" అని చెప్పింది. సరే తల్లీ అన్నాను.

సహోదరులారా, ఆ మాట నిలబెట్టుకోలేదు. ఎందుకంటారా? మా పేటవాళ్ళు పెద్దకులాలవాళ్ళుండే పెద్దవీధిలో చెప్పులు చేతబట్టుకొని నడవాలి. ఎవడు పెట్టాడో ఆ చట్టం, ఏ కాగితంలోనూ లేదు, ఇప్పటికీ తలచుకుంటే నా రక్తం మరుగుతుంది! కుంటివాడినని కూడా చూడకుండా అక్కడ విప్పించారు. దానికైనా కోపం తెచ్చుకున్నాను గానీ, మా ప్రార్థన గుడి గుమ్మం దగ్గర మాత్రం నాకు నేనే విప్పాను. చెప్పుతో దేవుని ఎదుటికి పోవడమేమిటని. ప్రార్థనలని, పాటల అభ్యాసమని, వారానికి నాలుగైదు రోజులు గంటల తరబడి ఆ కురచకాలి మీద వట్టి పాదంతో నిలబడ్డాను, అది భక్తి అనుకున్నాను.

మూడు నెలలకు ఆసుపత్రికి పోతే డాక్టరమ్మ అడిగింది, నేను ఒక్క అడుగు కూడా విప్పి వేయలేదని బొంకాను. ఆమె నా పాదాలు తడిపి నడిపించింది. కుడి పాదం నిండుగా పడింది. ఎడమ పాదానికి వేళ్ళూ, ముందుభాగమే ఉన్నాయి, మడమ జాడే లేదు.

"వట్టికాళ్ళతో మునివేళ్ళ మీద నడవడానికి అలవాటు పడిన కాలు ఇది. నీ నోరు అబద్ధమాడినా నీ మడమ ఆడలేదు" అంది.

ఎక్స్‌రే ఫోటో తీస్తే కమ్మీ కొంచెం వంగి ఉంది. ఇంకా వంగితే మళ్ళీ కోయాలి, అప్పుడు కాలు ఉంచుతానని మాట ఇవ్వలేను అని కూడా చెప్పింది. ఆ వరండాలోనే కూలబడి "ప్రభువా, నీ కోసమనుకొని నీవిచ్చిన కాలునే పాడుచేసుకున్నాను, మనుషులకు భయపడ్డాను, అబద్ధమాడాను, నన్ను క్షమించు, నాకు ధైర్యమియ్యి" అని ప్రార్థించాను, గుండె మీది బరువు అప్పుడే సగం దిగింది.

ఆదివారం చెప్పుతోనే గుమ్మం ఎక్కాను. సంఘపెద్ద దావీదయ్య అడ్డం నిలబడ్డాడు.

"ఏమప్పా, కాలు బాగైతానే కండ్లు నెత్తికెక్కినాయా? చెప్పుతో యాడికి పోతాండావు?"

నేను నోరు తెరవకముందే మరియమ్మ అందుకుంది. "అది చెప్పు కాదు పెద్దయ్యా, ఆయన కాల్లో తక్కువైన అంగుళం. కాలు ఈడ ఇప్పిపెట్టి లోపలికి రమ్మంటాండావా? అట్లయితే నీ కండ్లద్దాలు కూడా ఇప్పి రా, అవీ దేవుడు పుట్టించినవి కావు గదా!"

ఆడవాళ్ళ వైపు నవ్వులు. దావీదయ్య అద్దాలు సర్దుకొని, "శానా నోరుండాది నీ పెండ్లానికి" అని పక్కకు తప్పుకున్నాడు. అయ్యగారు వేదిక దిగివచ్చి నా చెయ్యి పట్టుకొని ముందు వరుసకు నడిపించారు. నేను లేచి సంఘమంతటి ఎదుట నా అబద్ధం ఒప్పుకున్నాను.

ఆ వారమే పెద్దవీధిలోనూ చెప్పు విప్పలేదు. అరుగు మీద కూర్చున్న ఒకాయన "ఏందప్పా, చేతికి రాలేదా చెప్పులు?" అని అరిచాడు. "ఈ చెప్పు ఇప్పితే కాలు తీసేస్తారంట సామీ, ఆ కాలు మీరిస్తారా?" అన్నాను. భయపడ్డాను, నిజమే చెబుతున్నాను, అయినా ఆగలేదు. మర్నాడూ తిట్టారు, ఆ తర్వాతి రోజూ తిట్టారు, పది రోజులకు వాళ్ళకే విసుగొచ్చింది. ఆ పిరికి చట్టం అంత బలహీనమైనదని ముందే తెలిసి ఉంటే!

ఏడాది నిండిన రోజున డాక్టరమ్మ ఫోటో వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది. కమ్మీ అంతకు మించి వంగలేదు, దాని చుట్టూ ఎముక తెల్లగా, నిండుగా కట్టుకుంది. "ఇక నీ బరువు కమ్మీది కాదు, నీ ఎముకదే. కోయాల్సిన పని లేదు, పో" అంది. మరియమ్మ వరండాలో కూర్చొని కొంగు నోట కుక్కుకొని ఏడ్చింది. నేను ఆమెను లేపి, బస్సు దాకా మైలు దూరం ఆమె మూట నేనే మోసుకొని నడిచాను. మహిమ దేవునికే!

మీలో ఎవరైనా మంచాన పడి ఉంటే, ఎవరికో భయపడి, ఏదో అబద్ధం మోస్తూ ఉంటే, ఈ ముసలివాని మాట వినండి. వైద్యుడు చెప్పింది చేయండి, అది అవిశ్వాసం కాదు. దాచింది ఆయన ముందు ఒప్పుకోండి. కుంటుతూ వచ్చినా, కర్రతో వచ్చినా, చెప్పుతో వచ్చినా ఆయన గుమ్మంలో నిలబెట్టడు. లోపలికి రండి.