గొర్రెల కుక్కకు సగం సిలబస్

అప్పట్లో నేను అమీర్‌పేటలోని ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేదాన్ని. జీవితంలో ఒక్క రోజు కూడా ఏ సాఫ్ట్‌వేర్‌నీ టెస్ట్ చేసి ఎరగను. అయినా మెట్ల దగ్గరి బోర్డు మీద నా ఫోటో కింద 'రియల్ టైమ్ ఫ్యాకల్టీ' అని రాసి పెట్టారు. పక్క క్లాసులో జావా చెప్పే సార్‌కి పుణెలో ఉద్యోగం వచ్చింది. వెళ్తూ వెళ్తూ తన కుక్కను నాకు అంటగట్టాడు. "వారం రోజులే మేడం, సెటిలవ్వగానే వచ్చి తీసుకెళ్తా" అన్నాడు. ఆ తర్వాత మహానుభావుడు ఫోన్ ఎత్తితే ఒట్టు.

నలుపూ తెలుపూ కలిసిన గొర్రెల కుక్క అది. పంజాగుట్టలో గొర్రెలెక్కడివి? నేనుండేది ఒక సందులో, మేడ మీది ఒంటి గదిలో. కింద ఓనర్ ఆంటీ. గుడివాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకుని, ఊరి మడీ ఆచారమూ పొల్లు పోకుండా వెంట తెచ్చుకున్న మనిషి. కుక్కను చూసి మొహం చిట్లించింది గానీ వారమే కదా అని ఊరుకుంది.

గొర్రెలు దొరక్కపోతే కుక్క ఊరుకుంటుందా? దొరికినవాళ్ళనే తోలడం మొదలుపెట్టింది. ఒక శుక్రవారం ఆంటీ ఇంటికి లలితా సహస్రనామానికి ఆడవాళ్ళొచ్చారు. పారాయణం అయ్యి వాళ్ళు వరండాలోకి రాగానే వీడు మెట్లు దిగి, ఒక్క మొరుగు కూడా మొరగకుండా చుట్టూ తిరిగి, పట్టుచీరలన్నిటినీ ఒక మూలకు చేర్చి ఎదురుగా పడుకున్నాడు. ఎవరైనా కాలు కదిపితే లేచి చూస్తాడు. కరవడు, ఊరికే చూస్తాడు. నేను క్లాసు ముగించుకుని వచ్చేసరికి వాళ్ళింకా అక్కడే నిలబడి వాయనం శనగలు తింటున్నారు.

"ఏంటమ్మాయ్ ఇది? వచ్చే శుక్రవారానికల్లా ఈ కుక్క నా ఇంట్లో ఉండకూడదు" అంది ఆంటీ.

అప్పటికే నాకు వాడంటే ప్రాణం. ఆ ఊళ్ళో నా కోసం ఎదురుచూసే జీవి వాడొక్కడే. స్టూడెంట్లు నా కోసం కాదు, మెటీరియల్ కోసం వస్తారు. వాణ్ణి వదిలేయడం నా వల్ల కాదు.

అమీర్‌పేట మనిషికి ఏ కష్టం వచ్చినా ఒకటే మందు: కోర్సు. నెట్ సెంటర్‌కి పోయి గొర్రెల కుక్కల శిక్షణ గురించి దొరికిందల్లా ప్రింట్ తీసి, స్పైరల్ బైండింగ్ చేయించి, కంఠతా పట్టాను. గొర్రెను దగ్గరగా చూసి ఎరగను గానీ, అదొక అడ్డంకా? ఇంగ్లీషు కాపరులు వాడే మాటలు గుప్పెడే. 'లై డౌన్' అంటే ఉన్నచోటే పడుకోవాలి. 'వాక్ అప్' అంటే మంద మీదికి తిన్నగా, నెమ్మదిగా నడవాలి. 'లుక్ బ్యాక్' అంటే వెనక తప్పిపోయినవాటి కోసం మళ్ళీ వెళ్ళాలి. 'కమ్ బై' అంటే కాపరికి ఎడమ నుంచి బయల్దేరి, గడియారం ముల్లు తిరిగినట్టు మందను చుట్టి రావాలి. 'అవే టు మీ' అంటే కుడి నుంచి, దానికి ఎదురు దిక్కులో.

మేడ మీద ఖాళీ వాటర్ క్యాన్లను గొర్రెలనుకోమని వాడికి చెప్పాను. వాడు క్యాన్ల వైపు చూసి, నా వైపు చూసి, నా పరువు పోతుందని కాబోలు ఒప్పుకున్నాడు. క్యాన్లు ఉన్నది అక్కడి ఆంటీ తులసికోట చుట్టూ. వాడికి 'కమ్ బై' పట్టుబడిన రోజు పొద్దున ఆంటీ బట్టలారేయడానికి పైకి వచ్చింది. తడిబట్టలు చేతిలో ఉండగానే ఆగిపోయింది.

"అయ్యో నా తల్లీ! తులసమ్మకి ప్రదక్షిణ చేస్తున్నాడే!"

నేను కాదని ఎందుకంటాను? పూర్వజన్మ సుకృతం అన్నాను. ఆవిడ మెత్తబడింది. సంబరం పట్టలేక నేను వెంటనే 'అవే టు మీ' మొదలుపెట్టాను. వాడు రెండడుగులు అటు వేశాడో లేదో ఆవిడ కేక పెట్టింది.

"అపసవ్యంగా తిప్పుతావేంటి? అపచారం! వాడు సవ్యంగా తిరిగినన్నాళ్ళూ ఈ ఇంట్లో ఉండొచ్చు. ఒక్కసారి అటు తిరిగాడంటే, నువ్వు చూసుకో."

ఆ విధంగా సగం సిలబస్ కొట్టేశాను. మా ఇన్‌స్టిట్యూట్‌లో సగం సిలబస్‌తో ఉద్యోగాలు కొట్టినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నాకేం బెంగ కలగలేదు.

మా గేటు ఎదురుగా వెల్డింగ్ షాపు భాయ్ ఉండేవాడు. బక్రీద్‌కి నెల ముందే వాళ్ళమ్మ మూడు మేకలు తెప్పించి, చేత్తో మేత తినిపించి బిడ్డల్లా సాకింది. ఒక సాయంత్రం నేను కుక్కతో గేటు దగ్గర ఉండగా అవి తాళ్ళు తెంపుకుని మెయిన్ రోడ్డు వైపు పరుగెత్తాయి. సందు చివర కొబ్బరిబొండాల బండి దగ్గర నిలబడి పీచు నములుతున్నాయి. ఇంకో నాలుగడుగులు వేస్తే బస్సులే.

"మేడం! జర మీ కుక్కను ఇడువుండ్రి! గొర్ల కుక్క అన్నరు గదా! నేను ఉరికితే గవి ఇంకా ముందుకే పోతయ్!" అని భాయ్ గుండెలు బాదుకున్నాడు. వాళ్ళమ్మ గడపలో నిలబడి ఏడుస్తోంది. ఆంటీ గేటు పట్టుకుని చూస్తోంది.

"కమ్ బై!" అన్నాను. వచ్చింది అదొక్కటే కదా. వాడు బాణంలా ఎడమవైపు పోయాడు. అటు కేబుళ్ళ కోసం తవ్విన గుంత, దాని పక్కన మట్టికుప్ప. దారి లేదు. వాడు ఆగి, వెనక్కి తిరిగి నా వైపు చూశాడు.

కుడివైపు దారి ఖాళీగా ఉంది. అనాల్సిన మాట నాకు తెలుసు. అంటే నా కుక్క పోతుంది, అనకపోతే ఆ ముసలమ్మ మేకలు పోతాయి. ఆంటీ మొహం చూడకుండా గట్టిగా అరిచాను, "అవే టు మీ!"

నేర్పని పాఠం వాడికేం తెలుస్తుంది? నా మాట విని వెళ్ళాడని నేననుకోను. మేకల వంక చూశాడు, దారి వంక చూశాడు, కుడి నుంచి ఒంగి ఒంగి పరుగెత్తి బండి వెనకగా చుట్టేశాడు. మూడు మేకలూ బుద్ధిగా సందులోకి నడిచి వచ్చాయి. భాయ్ తాళ్ళు అందుకుని, "అరే, వీడు కుక్క కాదు మేడం, ఉస్తాద్!" అంటూ వాడి తల నిమిరాడు. ఆంటీ మాత్రం లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున వాడి గిన్నె, గొలుసు, దుప్పటి సంచిలో సర్దుతూ ఏడుస్తున్నాను. యూసుఫ్‌గూడలో తెలిసినవాళ్ళెవరైనా వాణ్ణి ఉంచుకుంటారేమో అడుగుదామని. ఇంతలో ఆంటీ మోకాళ్ళు పట్టుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. వచ్చీ రాగానే నా ఎదురుగా కూలబడింది.

"శివాలయంలో ఎలా తిరుగుతాం మనం?"

నాకర్థం కాలేదు.

"అభిషేకం నీళ్ళు బయటికొచ్చే చోటు దాటకూడదు కదా. అక్కడిదాకా వెళ్ళి, వచ్చిన దారినే వెనక్కి తిరుగుతాం. అది అపసవ్యమేగా? వీడూ అంతే. గుంతదాకా వెళ్ళాడు, దాటలేదు, వెనక్కి తిరిగాడు. తప్పేం లేదు."

కళ్ళు ఎర్రగా ఉన్నాయి ఆవిడవి. సంచిలోంచి దుప్పటి తీసి నేల మీద పరిచింది.

"రాత్రంతా నిద్రపోలేదమ్మాయ్. తెల్లవారుతుంటే గుర్తొచ్చింది."