మూసిన తలుపు, జ్ఞానప్రకాశం

"లోపల అన్నీ చచ్చిపోయుంటాయేమో సార్. ఒక్కసారి తెరిచి చూద్దామా?"

కరెంటు పోయి చాలాసేపైంది. మర్నాడు ప్రాక్టికల్లో పిల్లలు కోడిపిండం గుండె కొట్టుకోవడం చూడాలి. గుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్ పిడి మీద కరుణ చెయ్యి వేసింది.

"చూస్తే బతుకుతాయామ్మా? ఉన్న వెచ్చదనం పోతాది. చెయ్యి తియ్యి," అన్నాడు జ్ఞానప్రకాశం.

బెంగళూరులోని ఆ కాలేజీలో జువాలజీ ల్యాబు ఆయనది. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, మూసిందేదీ తెరవనివ్వడు. గుడ్లతో మొదలైన జబ్బు అన్నిటికీ పాకింది. ఇంట్లో భార్య బేబీ ఇడ్లీపాత్ర మూత ఎత్తబోతే అడ్డం పడతాడు. "ఉడికిందని ఎట్లా తెలిసేదప్పా?" అంటుందావిడ. "వాసన చెప్తాది." ఒకసారి చెప్పింది కూడా, పాత్ర మాడాక. టిఫిన్ డబ్బా మధ్యాహ్నం దాకా మూత కదపడు. ఒకరోజు తీరా తెరిస్తే అందులో బేబీ కుట్టుదారాలున్నాయి.

కరుణకు నవ్వే ఓపిక కూడా లేదు. ఇంట్లో నెలల పిల్ల, చిన్ని. ఊపిరి తీస్తోందో లేదోనని రాత్రంతా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. వేలు తగిలి పిల్ల లేస్తుంది. ఇక తెల్లవార్లూ జాగారమే. పగలు మైక్రోస్కోపు మీదికి తూలుతుంది. కాలేజీలో ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ల్యాబులో నిద్రపోతోందని ప్రిన్సిపాల్ వరూధిని ఒకసారి హెచ్చరించింది. మళ్ళీ దొరికితే ఇంటికే.

ఒక మధ్యాహ్నం ఇంక్యుబేటర్ గదిలో స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించింది. బయట మాటలకు మెలకువ వచ్చింది.

"కరుణ ఏదీ?"

"లోపల గుడ్లు చూస్తా ఉండాది మేడమ్."

"తలుపు తీయండి."

"తీస్తే చల్లబడతాయి."

"నేను ప్రిన్సిపాల్‌ని."

"గుడ్లకు తెలీదు గద మేడమ్."

ఈయనతో వాదించలేక వరూధిని వెళ్ళిపోయింది. ఆ తర్వాత అటెండర్ మార్త గొంతు వినబడింది.

"పాతవి నిన్ననే అయిపోయె గదా సార్. కొత్తవి దేవనహళ్ళి నుంచి రేపు వస్తాయి. లోపల గుడ్లెక్కడుండాయి?"

"మెల్లగా మాట్లాడమ్మా. పాపం, నిద్రపోతా ఉండాది."

కరుణ పక్కకు తిరిగి చూసింది. ఇంక్యుబేటర్ ఖాళీ. దానికి స్విచ్చయినా వెయ్యలేదు.

బయటికొచ్చి, రాత్రిళ్ళు తనకు నిద్ర ఎందుకుండదో చెప్పింది. జ్ఞానప్రకాశం తలెత్తకుండా లెన్సులు తుడుస్తూ అన్న మాటనే ఆ రాత్రి నుంచి కరుణ పాటిస్తోంది:

"ముక్కు కాడ వేలు పెట్టి చూడొద్దమ్మా. ఏమన్నా కావాలంటే బిడ్డే వీధంతా వినేటట్టు ఏడుస్తాది. అంతవరకూ నువ్వూ పడుకో."