క్రేన్ ఆపరేటర్ వంతు

"ఈ మాస్టారు పెద్ద సంఖ్యను పగలగొట్టారండీ" అని ఎవరైనా నన్ను పరిచయం చేస్తే ఒళ్లు మండిపోతుంది. వాళ్లు ప్రేమగానే అంటారు. నా మంట వాళ్ల మీద కాదు, కానీ ముందు తగిలేది వాళ్లకే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను గాజువాకలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ని. అప్పటికి ఎవరూ విడగొట్టలేకపోయిన పెద్ద సంఖ్యల పట్టిక ఒకటి ఇంటర్నెట్‌లో ఉండేది. అందులోంచి నూట ఇరవై అయిదు అంకెల సంఖ్య ఒకటి అడిగి తీసుకున్నాను. ఏ రెండు సంఖ్యలను గుణిస్తే అది వస్తుందో కనిపెట్టాలి. ఆరు నెలల గడువు. దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తారు. కనిపెడితే మాత్రం పట్టికలో దాని పక్కన పనిచేసిన వాళ్లందరి పేర్లూ వేస్తారు. డబ్బు లేదు, సర్టిఫికెట్టు లేదు, పేరొక్కటే. మా ప్రిన్సిపాల్ అంతా విని, "అది తెలిస్తే మన పిల్లలకి ఎన్ని మార్కులొస్తాయి?" అన్నాడు. ఆ మనిషితో వాదించడం కంటే గోడకి తల బాదుకోవడం నయం.

ఒక్క కంప్యూటర్‌తో అయ్యే పని కాదు. ఉక్కునగరం క్వార్టర్లలో పిల్లల చదువుకని కంప్యూటర్లు కొన్న స్టీలు ప్లాంటు కార్మికులను పద్నాలుగు మందిని పోగుచేశాను. పనిని ముక్కలు చేసి ఒక్కొక్కరికి నెలకో వంతు ఇచ్చేవాణ్ని. ప్రోగ్రాం దానంతటది నడుస్తుంది. కంప్యూటర్ కట్టేయకుండా ఉంచితే పదిహేను రోజుల్లో ఒక వంతు పూర్తవుతుంది. ఇళ్లలో ఇంటర్నెట్ లేదు కనుక నెలాఖరు ఆదివారం ఉదయం అందరూ ఫ్లాపీల కట్టలు పట్టుకుని మా కాలేజీ ల్యాబుకి వచ్చేవారు. కట్ట మీద నేను అది తెచ్చిన మనిషి పేరు రాసేవాణ్ని. వంతు నంబరు రాయాలని తట్టలేదు. లెక్కల మాస్టారిని కదా, అంత తెలివి!

వాళ్లలో ఒకాయన క్రేన్ ఆపరేటర్. ఈ పని మీద నాకంటే ఆయనకే ధ్యాస ఎక్కువ. వేడెక్కుతుందని టేబుల్ ఫ్యాను కంప్యూటర్ వైపు తిప్పి, తను చెమటలు కక్కుతూ కూర్చునేవాడు. "మాస్టారూ, ఆ లిస్టులో నా పేరు నిజంగా ఏత్తారా? ఇంటిపేరుతో ఏత్తారా?" అని కలిసినప్పుడల్లా అడిగేవాడు. బ్లాకులో ఇంటింటికీ చెప్పేశాడు కూడా.

అయిదో నెల చివర అందరి ఫైళ్లూ కలిపి చూశాను. సరిపోలేదు. ఎందుకా అని వెతికితే, క్రేన్ ఆపరేటర్ ఆ నెల ఇచ్చిందీ, ఆయన్ని బావా అని పిలిచే స్నేహితుడు ఎలక్ట్రీషియన్ ఇచ్చిందీ పొల్లు పోకుండా ఒకటే. రెండూ ఎలక్ట్రీషియన్ వంతే. క్రేన్ ఆపరేటర్ వంతు అసలు లేనే లేదు. గడువు ఇంక నెల్లాళ్లు.

కోపం నషాళానికంటింది. మరుసటి ఆదివారమే అందరినీ పిలిపించి, ల్యాబులో ఆ రెండు కట్టలూ బల్ల మీద విసిరికొట్టాను.

"పక్కవాడిది కాపీ కొట్టి తేవడానికి సిగ్గులేదూ? మా పిల్లలే నయం. పేరు మాత్రం కావాలి, పని అక్కర్లేదా?" అన్నాను.

ఎలక్ట్రీషియన్ ఆ పూట డ్యూటీలో ఉన్నాడు. క్రేన్ ఆపరేటర్ ముఖం మాడిపోయింది. "నాను కాపీ కొట్నేదు మాస్టారూ" అన్నాడు. "మరి ఇదేమిటి?" అంటే చెదిరిన ఫ్లాపీలు ఏరి బల్ల మీద సర్దిపెట్టాడు. "చెప్పవేం? నోరు పడిపోయిందా?" అని అరిచాను. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. అంతకు ముందెప్పుడూ ఆయన్ని ఏకవచనంలో పిలిచి ఎరగను. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నాకేమో న్యాయం చేసినట్టే అనిపించింది.

నాలుగో రోజు ఎలక్ట్రీషియన్ కాలేజీకి వచ్చి, క్లాసు బయటే నన్ను నిలదీశాడు.

"మా బావని ఏటన్నారు మాస్టారూ? దొంగన్నారా? మా పెదనాన్న పోతే ఊరెల్లాను. బావా, నా వంతు నువ్వు సేసీ, వచ్చాక నీది నాను సేత్తానని మ్యూచువల్ పెట్టుకున్నాం. ఆడు నాది సేసీసాడు. నాను తిరిగొచ్చీసరికి మీరు బస్టాపులో పట్టుకుని నీ వంతేదీ, నీ వంతేదీ అని మీద పడిపోనారు. భయమేసి నాదే మళ్లీ సేసి ఇచ్చీసాను. ఆడికి సెప్పడం మర్సిపోనాను."

మ్యూచువల్ అంటే ప్లాంటులో ఇద్దరు కూడబలుక్కుని ఒకరి షిఫ్టు ఒకరు చేసుకోవడం.

"ఆ మాట ఆయన నాకు చెప్పొచ్చు కదా!" అన్నాను.

"మ్యూచువల్ సంగతి ఆఫీసరుకి సెప్పీత్తామేటి? సెప్తే దెబ్బ నాకు కదా?"

ఆఫీసరట. నేను. స్నేహితుణ్ని పట్టివ్వడం ఇష్టంలేక ఆయన నా తిట్లన్నీ పడ్డాడు. ఒక వంతును ఎన్ని కంప్యూటర్లు చేసినా వచ్చే జవాబు ఒకటే. కాపీ కొట్టినదానికీ కష్టపడి చేసినదానికీ తేడా కనిపించదు. ఈ ముక్క నాకు తెలియదా? కోపంలో తోచలేదంటే అబద్ధం. క్రేన్ నడిపే మనిషి కాపీ కొట్టే ఉంటాడని చప్పున నమ్మేశాను. అదే మా కాలేజీ లెక్చరరై ఉంటే ముందు నా ప్రోగ్రాంలో తప్పు వెతికేవాణ్ని.

ఆ సాయంత్రం ఆయన క్వార్టరుకి వెళ్లాను. కంప్యూటర్ నడుస్తోంది. మిగిలిపోయిన తన వంతు చేస్తున్నాడు. "తప్పయిపోయిందండీ" అన్నాను.

"పని ఆగదు మాస్టారూ, టయానికి ఇచ్చీత్తాను. కానీ అందరి ముందరా అన్నారు కదా, అందరి ముందరా సెప్పండి. ఇంటికొచ్చి సెప్తే నాకు సాలదు."

"తప్పకుండా" అన్నాను.

చెప్పలేదు. వచ్చే ఆదివారం పిలుద్దామనుకున్నాను, పిలవలేదు. తిట్టడానికి లేచిన నోరు ఒప్పుకోవడానికి లేవలేదు. దానికి బదులు మంచి భాషలో ఒక ఈమెయిల్ రాసి అందరికీ పంపాను. వాళ్లలో ఈమెయిల్ చూసుకునేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆయనకు అసలు ఈమెయిలే లేదు. తెలిసే పంపాను. పిరికి వెధవని.

రెండు వారాలకు ఆయన కట్ట ఎలక్ట్రీషియన్ చేతికిచ్చి పంపాడు. అది కలిపాక లెక్క తేలింది. ఆ రెండు సంఖ్యలూ తెర మీద కనపడ్డాయి. అప్పుడు సంతోషం కలిగింది, ఆ సంతోషం మీద కూడా నాకిప్పుడు కోపమే. మర్నాడు పేర్ల జాబితా టైపు చేస్తుంటే ఎలక్ట్రీషియన్ మళ్లీ వచ్చాడు.

"బావ తన పేరు తీసీమన్నాడు."

"ఈమెయిల్ పెట్టాను కదయ్యా!"

"ఎవులికి పెట్టారు మాస్టారూ?" అన్నాడు.

తీసేశాను. ఆ పట్టిక ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఉంది. మా సంఖ్య పక్కన ఆయన తప్ప అందరం ఉన్నాం. మొదటి పేరు నాది.