చట్రం ఎలా మారింది?

సోఫాలు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ ‘విప్పిచూడు మావయ్య’ అంటారు. ఊరికే అనరు మరి. పాత సోఫాలో కొత్త స్పాంజి కూరాక ఆయన కుట్టు మొత్తం వెయ్యడు, జానెడు వదిలేస్తాడు. సోఫా గలవాళ్ళు అందులో చెయ్యి పెట్టి తడిమి సరేనంటేనే ఆఖరి కుట్టు. పైన పటారం, లోన లొటారం సరుకు చూసీ చూసీ మనిషికి అనుమానం ఎముకల్లోకి దిగిపోయింది. పాలప్యాకెట్టు మీద తేదీ కూడా రెండుసార్లు చదువుతాడంటే చూసుకోండి.

అలాంటివాణ్ణి సొంత నడుమే మోసం చేసింది. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండాల్సిన డిస్కు ఒకటి అరిగిపోయింది. ముప్ఫయ్యేళ్ళు సోఫాలు ఎత్తిన మనిషి ఇప్పుడు కింద పడ్డ సూది తీసుకోలేడు. ఇలాగే ఉంటే పని మానుకోవాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆయనకు ఏడుపొచ్చేది.

“కణాలు ఎక్కించే వైద్యం ఒకటుంది కానీ ఇంకా పరీక్షల్లోనే ఉంది. పనిచేస్తుందని మాటివ్వలేను,” అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు. ఈలోగా భార్య ఎక్కడో కొత్త క్లినిక్కు ఆచూకీ పట్టుకొచ్చింది.

“మీ నడుంనొప్పికన్నా మీ అనుమానం పెద్ద జబ్బండీ. ఈ ఒక్కసారికీ నోరు మూసుకుని రండి,” అంది.

వెళ్ళారు. క్లినిక్కు డాక్టరు తేనె పూసినట్టు మాట్లాడాడు.

“మీ ఎముక మజ్జలోంచే కణాలు తీసి డిస్కులోకి ఎక్కిస్తాం సార్. ఆర్నెల్లలో దిండులా మళ్ళీ ఉబ్బుతుంది. ఇదిగో, ఒకే పేషెంటు. ముందు, తర్వాత.”

గోడమీద రెండు స్కాన్ బొమ్మలు. ఒకదాంట్లో డిస్కు నల్లగా అణిగిపోయి ఉంది, రెండోదాంట్లో తెల్లగా నిండుగా ఉంది. భార్య ముఖం వెలిగిపోయింది. మావయ్య కళ్ళజోడు సర్దుకుని దగ్గరికెళ్ళాడు. డిస్కుల్ని వదిలేసి ఎముకల్ని చూశాడు. ఏళ్ళతరబడి విరిగిన సోఫా చట్రాలు చూసిన కన్ను అది. మొదటి బొమ్మలో కిందిపూస మూల కాస్త విరిగి ఉంది. రెండోదాంట్లో అదే మూల నున్నగా ఉంది. పైపూస వంపూ కలవడం లేదు.

“దిండు ఉబ్బిందంటే సరే సార్. మరి చట్రం ఎలా మారింది?”

“అది... మెషీన్ వేరు.”

“ఆ పేషెంటుతో ఓసారి మాట్లాడించండి.”

“అలా కుదరదు సార్, రూల్స్ ఒప్పుకోవు.”

భార్యే ముందు లేచి సంచీ భుజాన వేసుకుంది.

మెట్లు దిగుతూ, “మీ అనుమానమే నిజమైంది,” అంది మెల్లగా.

ఆయనకు సంతోషం కలగలేదు. “ఈ ఒక్కసారైనా నా అనుమానం తప్పయితే బాగుండునే,” అన్నాడు, రెయిలింగు పట్టుకుని.

కొట్టు దగ్గర ఒకావిడ మూడు సీట్ల సోఫా దింపించుకుని ఎదురుచూస్తోంది. మావయ్య దాని చేతిపిడిని ఒకసారి నిమిరాడు.

“ఇంత పెద్దది ఇక నావల్ల కాదమ్మా. చిన్న దిండ్లేవైనా ఉంటే పట్టుకురండి,” అన్నాడు.

విప్పి చూడకుండా ఆయన తిప్పి పంపిన మొదటి సోఫా అదే.