కండోముకు కొబ్బరినూనె

పాపకు ఏడాది నిండాక, రెండో కాన్పుకు కొన్నాళ్లు ఆగుదామని మా ఆయనా నేనూ అనుకున్నాం. రోజూ మింగే మాత్రలు నాకు పడవు. అందుకని కండోములు తెచ్చే పని ఆయన మీద పడింది. అరసవల్లిలో మా వీధి మందుల షాపాయనదీ మాదీ ఒకటే చర్చి. ఆ సిగ్గుకి ఆయన బండేసుకుని విజయనగరం వెళ్లాడు. దగ్గుమందు, దూది, తలనొప్పి మాత్రలు కొని, ఆఖర్న గొంతు తగ్గించి అసలుది అడిగాడట. తెచ్చిన ప్యాకెట్టును మే నెల ఎండలో వారం పాటు బండి డిక్కీలోనే మరిచిపోయాడు.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక పాప నిద్రపోయింది. కాసేపటికి, ఒరుసుకుంటోందని నేనంటే, "దానికేటి, కొబ్బరినూనె ఉన్నాది కదా!" అన్నాడు. నాకూ ఉపాయం బాగుందనిపించింది. తీరా చూస్తే కండోము నిలువునా చిరిగిపోయింది.

మా పెద్దాడపడుచు కళింగపట్నం దగ్గర నర్సు. ఆవిడకు ఫోన్ చేయబోతే ఆయన లాక్కున్నాడు.

"మా అక్కకా? సిగ్గుతో సచ్చిపోతాను."

"అయితే ఈసారి నువ్వే కను, బావా."

ఫోన్ తిరిగి నా చేతికొచ్చింది.

సాయంత్రానికల్లా వదిన గర్భం రాకుండా వేసుకునే మాత్ర పట్టుకుని బస్సు దిగింది. "ముందిది మింగు. ఎంత తొందరగా ఏసుకుంటే అంత మంచిది. మూడు రోజులు దాటితే నమ్మకం నేదు. ఆపదకే గానీ రోజూ మింగీది కాదు," అంది. తర్వాత వంటింట్లో పీట వేసుకుని, మిగిలిన ప్యాకెట్టూ అప్పడాల కర్రా తెమ్మంది. ఆయన మెల్లగా వీధిలోకి జారుకోబోయాడు.

"ఒరే, ఎక్కడికి? ఇలాగొచ్చి సూడు. నూనె తగిలితే రబ్బరు పాడైపోతాది. నీళ్లతో చేసిన జెల్ అమ్ముతారు, అదడుగు. ఎండలో పెట్టకు, పళ్లతో సింపకు, తారీకు సూసుకో."

కర్ర కొసన పెట్టి, చివరి బొడిపెను రెండు వేళ్లతో నొక్కిపట్టి, గాలి చేరకుండా కిందిదాకా దించింది. "తిరగేసి పెట్టినావనుకో, మల్లీ తిప్పి వాడకు, పారేసి కొత్తది తియ్యి. లోపల కొసన ఒక్క సుక్క జెల్ ఏసుకుంటే నీకూ హాయి. పనయ్యాక మెత్తబడకముందే అంచు పట్టుకుని బయటికి తియ్యాల. ఇంతకీ ఏ సైజు తెచ్చినావు?"

ఆయన నేలచూపులు చూస్తూ, "పెద్దది," అన్నాడు.

"గొప్పలెవురికిరా? వదులైతే జారిపోతాది. సరిపడింది తెచ్చుకో!"

నేను నవ్వాపుకోలేక పాపనెత్తుకుని పెరట్లోకి పరుగెత్తాను.

నెల తిరిగేసరికి నెలసరి వచ్చి నా బెంగ తీరింది. ఈసారి సరైన సైజూ జెల్లూ వచ్చాయి. అంతకుముందు కండోము అనగానే ఇద్దరం మాటలు మానేసి, పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుపోయేవాళ్లం. ఇప్పుడు తొడిగే పని నేనే తీసుకున్నాను. మొదటిసారి నా చేతికి జెల్ అంటి ఒకదాని తర్వాత ఒకటి రెండు జారి మంచం కింద పడ్డాయి. మూడోది తొడుగుతుంటే ఆయనకు కితకితలు పుట్టాయి. ఆ నవ్వులోనే బిగుసుకుపోవడం పోయింది. "ఏటీ, ఉన్నట్టే తెలీడం నేదు," అన్నాడు. నాకూ ఒరుపు లేదు. నేను మాత్రం ఆఖర్న అంచు పట్టుకున్నాడో లేదో అడగడం మానలేదు.