ఇప్పనూనె పోసిన జీపు

ఈ చలికాలంలో ఒక ఆదివారం ఉదయం మా మేనకోడలు నన్ను తన కారులో సారపాక నుంచి దుమ్ముగూడెం వైపు ఆరాధనకు తీసుకుపోతూ, గోదావరి వంతెన దాటి కొంత దూరం పోయాక పాటలు ఆపేసి, "మామయ్యా, ఇంజన్ల ఏందో టిక్కు టిక్కు అంటుంది, ఇనవడ్తుందా?" అని అడిగింది. నేను తల వంచి ఎంతసేపు విన్నా చక్రాల కింది రోడ్డు హోరు తప్ప మరేదీ నా చెవికి అందలేదు. బండి పక్కకు ఆపమన్నాను. ఆ అమ్మాయి దిగి బానెట్ ఎత్తుతుంటే నాకు వాళ్ల నాన్న, అంటే మా బావ, కళ్ల ముందు నిలిచాడు.

కాగితం మిల్లుకు వెదురు తోలే లారీలు బారులు తీరి నిలబడే రోజుల్లో, ఆ దారిలోనే బావా నేనూ కలిసి ఒక రేకుల షెడ్డు నడిపేవాళ్లం. నా చేతులకు పని నేర్పింది ఆయనే. ఏ ఇంజను వచ్చినా ఆయన మొదటే పానా చేతపట్టేవాడు కాదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు ఒత్తి పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టే నిలబడేవాడు. కళ్లు తెరిచాక చెప్పిన మాటకు తిరుగుండేది కాదు. ఆ చెవే ఆదివారం సంఘంలో గంజిర పట్టించేది. పాస్టరుగారు వాక్యం ముగించి కూర్చోగానే బావ గంజిర మీద వేళ్లు ఆడిస్తూ పాట ఎత్తేవాడు, ఆ దెబ్బను పట్టుకుని మేమంతా అందుకునేవాళ్లం. దేవుడు ఇచ్చిన చెవి అని మా అక్క మురిసిపోయేది.

ఏళ్ల తరబడి లారీ ఇంజన్ల రొదలో, సమ్మెట దెబ్బల మధ్య బతికిన ఆ చెవి ఎప్పుడు తగ్గడం మొదలైందో మాకెవరికీ తెలియదు. బావ గొంతు పెరిగింది. అక్క మాటకు సంబంధం లేని జవాబులు చెప్పి, తనే ముందు నవ్వేసేవాడు. తర్వాత గంజిర దెబ్బ పాటకు ఒక్క రవ్వ వెనకబడసాగింది. పాడేవాళ్లమే ఆయన కోసం పాటను నెమ్మదించుకున్నాం. అక్క ఆయన స్వస్థత కోసం ఉపవాసాలుండి ప్రార్థించేది కానీ, సంఘం ముందు ఆ సంగతి బావ ఎత్తనిచ్చేవాడు కాదు. చెవి పోయిందని పేరొస్తే షెడ్డు ముందు లారీ ఆగదని ఆయన భయం. ఆ చెవిని నమ్ముకునే మా రెండు ఇళ్లు బతుకుతున్నాయి మరి.

అటువంటి రోజుల్లో ఒక చలికాలం పొద్దున సంఘం జీపు వచ్చింది. పాస్టరుగారు అడవి ఊళ్లలో కూటాలు ముగించుకుని వస్తున్నారు. ఇంజను పైభాగంలోంచి టిక్కు టిక్కుమని ఎండు కర్రలు విరిచినట్టు చప్పుడు దూరం నుంచే వినిపించింది. బావ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు నిలబడి, టాపెట్లు వదులైనయ్ అన్నాడు. వాల్వుల దగ్గరి ఆ సందులు సరిచేసి మళ్లీ స్టార్ట్ చేయించాడు. చప్పుడు అట్లాగే ఉంది.

"ఇగ సూడుండ్రి అయ్యగారూ, ఎట్ల మెత్తగ తిరుగుతుందో!" అన్నాడు నవ్వుతూ.

పాస్టరుగారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ఆ చూపుల్లోనే బావకు సంగతి అర్థమైంది.

"సప్పుడు పోలేదారా, బామ్మర్దీ?"

లేదన్నట్టు తలూపాను. ఆయన స్క్రూడ్రైవర్ పిడిని ఈసారి చెవికి కాదు, పళ్ల మధ్య కరిచిపట్టి, మొన ఇంజనుకు ఆనించి వంగాడు. ఆ అదురును పళ్లతో వింటున్న మనిషిని చూస్తూ నిలబడడం నా వల్ల కాలేదు.

ఇంజను నడుస్తుండగానే పైమూత విప్పించాడు. వాల్వులను నొక్కే రాకర్ల మీద ధారగా పారాల్సిన ఆయిలు చుక్క కూడా లేదు. అవి ఎండిపోయి వాల్వుల మీద కొట్టుకుంటున్నాయి. ఇంజను ఆపించి, మూలన పేరుకున్న పసుపుపచ్చని ముద్దను గోటితో గీకి వాసన చూశాడు. "అయ్యగారూ, ఇది ఇంజనాయిలు కాదు, ఇప్పనూనె! జీపుకు గారెలు గిట్ల వండిపెట్టిన్రా ఏంది?"

పాస్టరుగారు నవ్వలేక నవ్వి జరిగింది చెప్పారు. అడవిలో రాయి తగిలి ఆయిలు కారిపోతే, ఆ ఊరి విశ్వాసులు చిల్లిని సబ్బు ముద్దతో మూసి, కానుకగా ఇయ్యడానికి దాచిన ఇప్పగింజల నూనె తెచ్చి ఇంజనులో పోశారట. "మా దగ్గర ఉన్నదాంట్ల మంచిది ఇదే, అయ్యా" అని ఒక ముసలమ్మ కుండ అడుగు దాకా వంచిందట. కాదనడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆ నూనె రాత్రి చలికి వెన్నలా గడ్డకట్టి, కింది నుంచి పైకి ఆయిలు తీసుకుపోయే సన్నని గొట్టాన్ని మూసేసింది. ప్రేమతో పోసినదాన్ని ఎవరు తప్పుపడతారు!

గొట్టం విప్పి, సైకిలు బ్రేకు తీగతో పొడిచి, డీజిలుతో కడిగి, చిల్లికి అతుకేసి, కొత్త ఆయిలు పోశాం. ఈసారి రాకర్ల మీద ఆయిలు తళతళ మెరుస్తూ పొర్లింది. చప్పుడు సద్దుమణిగింది. బావ ఇంజనును చూడలేదు, నా ముఖాన్నే చూస్తున్నాడు. చప్పుడు పోయిందన్నట్టు నేను చేయి ఊపాక, స్క్రూడ్రైవర్ను గుడ్డతో శుభ్రంగా తుడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇగ నువ్వే ఇనాలె, బామ్మర్దీ."

తర్వాతి ఆదివారం గంజిరను తీసుకుపోయి పాస్టరుగారి బల్ల మీద పెట్టి, వెనక వరుసలో కూర్చున్నాడు. మళ్లీ ఎన్నడూ పాట ఎత్తలేదు. షెడ్డులో విప్పే పని, బిగించే పని చేస్తూనే ఉన్నాడు కానీ, ఏ డ్రైవరైనా చప్పుడు సంగతి ఎత్తితే వేలితో నన్ను చూపించి లోపలికి పోయేవాడు. ఆరాధనలో అందరూ పాడుతుంటే కూర్చున్న బల్ల మీద అరచేయి ఆనించి ఉంచేవాడు. చెక్కలోంచి ఆయనకు ఏమందేదో అడగాలని చాలాసార్లు అనుకున్నాను, అడగలేకపోయాను. ప్రభువు ఆయన్ను పిలుచుకుని చాలా ఏళ్లయింది. అక్కడ ఆయన చెవులు తెరుచుకుని ఉంటాయని, గంజిర మళ్లీ ఆయన చేతికి వచ్చి ఉంటుందని నా నమ్మకం.

ఇప్పటి ఇంజన్ల మీద ప్లాస్టిక్ కప్పు, షెడ్డుకు పోతే తీగ గుచ్చి కంప్యూటరు తెర మీద చూసి చెబుతారు. మంచిదే, ఎవరి చెవీ అరగనక్కరలేదు. కానీ ఒక మనిషి కళ్లు మూసుకుని ఇంజను ముందు నిలబడితే చుట్టూ ఉన్నవాళ్లంతా ఊపిరి బిగపట్టే ఆ క్షణం మాత్రం మళ్లీ ఎక్కడా కనబడలేదు.

మా మేనకోడలు బానెట్ కింద వంగి, "ఏమైంది మామయ్యా, జర్ర ఇని చెప్పు" అంది. ఇంజను ఆపి ఆయిలు చూడమన్నాను. ఆయిలు కొలిచే పుల్ల కొసకు కూడా తడి తగల్లేదు. ఇంజను మళ్లీ స్టార్ట్ చేయొద్దని, షెడ్డుకు ఫోను చేయమని చెప్పాను. నాకు వినబడడం లేదని కూడా చెప్పాను. ఆ అమ్మాయి ఒక్క క్షణం నా ముఖం చూసి, కారెక్కి నా పక్కన కూర్చుంది. ఆరాధన వేళ దాటిపోతోందని కాబోలు, మెల్లగా ఏదో పాట అందుకుంది. పెదవులు కదలడం కనబడుతోంది కానీ, వాళ్ల నాన్న ఎత్తుకునే పాటల్లో అది ఏదో నాకు తెలియలేదు. సీటు మీద అరచేయి ఆనించి కూర్చున్నాను.