రెండవ నెల, ఒక రోజు

1981లో నేను దుబాయ్ క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఒక ఓడల మరమ్మతు వర్క్‌షాపులో కొలతల గదికి బాధ్యుణ్ణి. ఆ గది ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలు. వేసవి అయినా శీతాకాలమైనా ఇరవై డిగ్రీలే. ఉక్కు వేడికి సాగుతుంది, చలికి కుంచించుకుపోతుంది. అందుచేత ఇరుసుల మందాన్నీ బేరింగుల వ్యాసాన్నీ ఒకే ఉష్ణోగ్రత దగ్గర కొలిస్తేనే ఆ అంకెకు విలువ ఉంటుంది. కొలిచినది, కొలిచిన తేదీతో సహా రాసినది, దాన్ని మాత్రమే నేను నమ్మేవాణ్ణి. ఇప్పటికీ అంతే.

ఆగస్టులో బయట ఎండ నలభై అయిదు దాటేది. సముద్రపు తేమ మా గది అద్దానికి బయటి వైపు పట్టి చారలుగా జారేది. లోపలినుంచి చూస్తే వర్క్‌షాపులో తిరిగే మనుషులు నీటి అడుగున నడుస్తున్నట్టు ఉండేవారు. సుత్తి దిగడం ముందు కనిపించేది. చప్పుడు కొంచెం ఆలస్యంగా, మరెక్కడో మోగి ఇక్కడికి చేరినట్టు వినిపించేది.

అలాంటి ఒక మధ్యాహ్నం మా కఫీల్, అంటే వర్క్‌షాపు యజమాని, పాత దుప్పటిలో చుట్టిన పొడవాటి వస్తువును తెచ్చి నా బల్లమీద పెట్టాడు. విప్పితే జపాన్ దేశపు కత్తి. 1945లో బర్మాలో లొంగిపోయిన జపాన్ సైన్యాధికారి దగ్గర ఒక ఇంగ్లీషు అధికారి దాన్ని తీసుకున్నాడట. 1971లో ఇంగ్లీషువాళ్ళు ఈ తీరం వదిలి వెళ్ళినప్పుడు ఆ అధికారి దాన్ని కఫీల్ తండ్రికి ఇచ్చి వెళ్ళాడు. మా దగ్గర ఇంజిన్ల పని చూసే జపాన్ ఇంజనీరు అక్టోబరు చివర స్వదేశానికి తిరిగి వెళుతున్నాడు. వీడ్కోలు రోజున దాన్ని ఆయన చేతుల్లో పెట్టాలని కఫీల్ కోరిక. ఉప్పుగాలికి అంచున చుక్కలు పడుతున్నాయి కనుక అంతవరకూ ఈ చల్లని గదిలో ఉంచమనీ, ఆలోగా దాన్ని శుభ్రం చేయించమనీ నాకు చెప్పాడు. అతిథికి ముందుగా తెలియకూడదన్నాడు.

నేను మొదట కొలిచాను. పిడి నుంచి కొన వరకు, వంపును వదిలి సరళరేఖలో, అరవై తొమ్మిది సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లు. అంచు వెంబడి, మొదలు నుంచి కొన దాకా, తెల్లని అల ఒకటి పరుచుకుని ఉంది. దీపాన్ని కదిపితే ఆ అల కదిలేది. దీపం ఆగినా ఒక్క క్షణం కదులుతూనే ఉన్నట్టు తోచేది. దాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించి కొలవాలో నాకు తెలియలేదు.

శుభ్రం చేసే పనికి మా కమ్మరిని పిలిచాను. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి రెండేళ్ళ క్రితం వచ్చినవాడు. ఓడల లంగరు గొలుసుల కడియాలు, పెద్ద కొక్కేలు అతని కొలిమిలో తయారయ్యేవి. అతను నాలుగడుగుల దూరంలోనే ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుని, చాలాసేపు ఆ అలను చూశాడు. ఎర్రగా కాలిన ఇనుమును నీళ్ళలో ముంచినప్పుడు పడిన గీత అదని చెప్పాడు. అంత వరకు తనకూ తెలుసట. కానీ అది అలలాగా ఎందుకు పడిందో, ఎలా పడిందో తనకు అంతుపట్టడం లేదన్నాడు. తరువాత దగ్గరికి వచ్చి, అంచు మీది చుక్కలను నూనెగుడ్డతో తుడిచి, దుప్పటిని తిరిగి కప్పుతూ నవ్వాడు.

“మీ గదిల ఇనుముకు గూడ చలి పెడ్తది సారు. దుప్పటి తియ్యకుండ్రి.”

నేను దానికి నవ్వకుండా, ఇది ఎప్పటిదై ఉంటుందని అడిగాను.

“తేదీ లేకుంటె మీకు అన్నం గూడ సయించదు. పుట్టినప్పుడు గూడ తేదీ అడిగే ఏడ్చిండ్రా ఏంది?”

ఆ రోజుల్లో అతని మాటల్లో తరచుగా వినిపించేది ఒక్కటే. ఊళ్ళో నాగళ్ళ స్థానంలో ట్రాక్టర్లు వచ్చాయి. తాత నాటి కొలిమి చల్లారిపోయింది. తిరిగి వెళితే తను కూలీయే తప్ప కమ్మరి కాడు. ఇక్కడ, పరాయి దేశంలో, నిప్పు ముందు నిలబడే వీలు దొరికింది. పెళ్ళాం పిల్లల తరువాత అతను పోగొట్టుకోవడానికి భయపడినది ఆ నిప్పునే.

ఆ సంవత్సరం దసరా గురువారం పడింది. మాకు సెలవు శుక్రవారం కనుక ఆయుధపూజ అక్టోబరు 9న చేసుకున్నాం. కఫీల్‌కు తెలిసే ప్రతి ఏటా జరిగేది. లేత్ యంత్రాలకూ డ్రిల్లులకూ బొట్లు పెట్టారు. మైక్రోమీటర్ల పెట్టెకు పెట్టడానికి నా గది కూడా తెరిచి ఇచ్చి, నేను బర్ దుబాయ్ బజారులో పువ్వులు తేవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి కత్తి పిడి ఊడదీసి పక్కన ఉంది. పిడిని పట్టి ఉంచే చిన్న వెదురు మేకు దాని పక్కన ఉంది. పిడిలోకి దూరే ఇనుప భాగం, మా కమ్మరి మాటలో కత్తి తోక, అద్దంలా మెరుస్తోంది.

దసరాకు పనిముట్టు పిడి తీసేసి, ఒంటి ఇనుముగా చేసి, కొన నుంచి తోక దాకా తోమి, అప్పుడే బొట్టు పెట్టాలి. వాళ్ళ ఇంట్లో అది తరాల పద్ధతి. అలుగు, అంటే పైకి కనిపించే పదును భాగం, అప్పటికే తళతళలాడుతోంది కనుక దాన్ని నూనెగుడ్డతో తుడిచి వదిలేశాడట. తోక మాత్రం నల్లగా, పొక్కులు కట్టి, ఎవరూ పట్టించుకోని ముసలివాడి మడమలా ఉందట. పాపం అనిపించి కిరోసిన్ పోసి, ఎమరీ కాగితంతో నేను తిరిగి వచ్చేదాకా తోమాడు. కుంకుమ బొట్టు ఆ మెరుపు మీద తడిగా ఉంది.

నాకు కోపం రాలేదు. పైపెచ్చు సంతోషం కలిగింది. ఎందుకంటే ఆ నలుపు పోయిన చోట ఉలితో చెక్కిన అక్షరాలు రెండు వరుసల్లో బయటపడ్డాయి. పేరో తేదీనో రాసి ఉంటుందని నా ఆశ. పలుచని కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాను. ఎక్కడిదో చెప్పకుండా ఇంజనీరుగారికి చూపించి, ఇది చదివి పెట్టమని అడిగాను.

ఆయన కళ్ళజోడు మార్చుకున్నారు. మొదటి వరుసలో చేసినవాడి పేరూ ఊరూ ఉన్నాయి. పశ్చిమ జపాన్‌లో నది ఒడ్డున కత్తులు చేసేవాళ్ళ ఊరట. రెండవ వరుసలో వాళ్ళ లెక్కలో ఒక సంవత్సరం ఉంది. దాన్ని ఆయన మన లెక్కలోకి మార్చి చెబితే రాసుకున్నాను. అప్పటికి విజయనగరం ఇంకా కూలలేదు. సంవత్సరం తరువాత, రెండవ నెల, ఒక రోజు, అని చదివి ఆయన ఆగారు.

ఎన్నో రోజు అని అడిగాను.

“అంతే. ‘ఒక రోజు’ అని మాత్రమే చెక్కుతారు. ఆ నెల కూడా నిజం కాదు. చాలామంది రెండవ నెల అనో, ఎనిమిదవ నెల అనో చెక్కేవారు. నీళ్ళు సరైన చల్లదనంలో ఉండే కాలం అవేనని కొందరంటారు. నిజంగా ఎప్పుడు చేశాడో ఎవరికీ తెలియదు.”

ఆ మాట నన్ను చాలా కలవరపెట్టింది. ఇనుములో చెక్కిన తేదీ కూడా ఆచారమే అయితే ఇక దేన్ని నమ్మడం? ఆ తరువాత చాలా రోజులు, గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు, అద్దానికి అవతల తిరిగే నీడల మధ్య ఆ పేరు తెలియని రోజు కనిపించేది. నది మీద పొగమంచు. చీకటి చేసుకున్న కొట్టంలో ఒక మనిషి, కాలిన ఇనుము రంగును చూస్తూ. తొట్టిలో నీళ్ళు. అతను ముంచబోతాడు. ఎంత చూసినా అక్కడి గోడ మీద తేదీ లేదు.

ఆ రోజు ఇంజనీరుగారు మాత్రం కాగితాన్ని ఇంకా పట్టుకునే ఉన్నారు. పాత కత్తుల మీద ఇంత స్పష్టంగా అచ్చు రాదనీ, గీతల్లో తుప్పు నిండి ఉంటుందనీ అన్నారు. అసలు వస్తువు చూపించమని అడిగారు. రహస్యం దాచడం నాకు చేతకాలేదు. గదికి తీసుకెళ్ళి దుప్పటి విప్పాను.

ఆయన వంగి, మెరుస్తున్న తోకను దగ్గరగా చూశారు. తరువాత మెల్లగా వివరించారు. అలుగును తరతరాలుగా మెరుగు పెడతారు కానీ ఆ తోక మీది తుప్పును ఎవరూ ముట్టుకోరట. నలుపు ఎంత చిక్కగా ఉందో చూసి వయసు చెబుతారు. చెక్కిన అక్షరాలకు ఆ తుప్పే సాక్షి. ఇప్పుడు వాళ్ళ దేశంలో ఎవరు చూసినా, ఈ పేరును నిన్ననో మొన్ననో చెక్కారంటారు.

సంగతి సాయంత్రానికే కఫీల్‌కు తెలిసింది. ఆయన అరవలేదు. ఉర్దూలో, నేలను చూస్తూ, రెండే మాటలు అన్నాడు.

“మెహ్మాన్ ముందు నా పరువు పోయింది. ఆ కమ్మరి ఖలాస్, పాస్‌పోర్టు తీసి పెట్టు.”

పాస్‌పోర్టులు ఉండే ఇనప్పెట్టె తాళం నా దగ్గరే ఉండేది. అతనిది తీసి తెరిచాను. పుట్టిన తేదీ జూలై 1. నాదీ జూలై 1. ఆ వర్క్‌షాపులో ఇంకెంతోమందిదీ జూలై 1. బడిలో చేర్చేటప్పుడు మాస్టర్లు అందరికీ వేసిన తేదీ అది. ఇన్నేళ్ళూ ఆ అంకెను ప్రతి కాగితం మీదా నిక్కచ్చిగా నింపుతూ వచ్చినవాణ్ణి నేను.

కొలిమి దగ్గరికి వెళ్ళి, నెలాఖరుకు పనిలోంచి తీసేసి ఊరికి పంపేస్తారని చెప్పాను. అతను సుత్తి కింద పెట్టాడు. నువ్వు నిజంగా పుట్టింది ఎప్పుడని, సందర్భం కాకపోయినా, అడిగాను.

“సద్దుల బతుకమ్మ నాడట. ఏ సాలో మా అవ్వకు గూడ యాది లేదు.” నిప్పు వైపు తిరిగాడు. “మంచికే తోమిన గద సారు. అది గట్ల మాసి ఉంటె ఎట్ల మొక్కాలె?”

వీడ్కోలు కఫీల్ మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, అక్టోబరు చివరి గురువారం సాయంత్రం జరిగింది. ఇంజనీరుగారు కత్తిని రెండు చేతులతో అందుకుని తలకు దగ్గరగా ఎత్తి పట్టారు. తరువాత కమ్మరిని పిలిపించమని కోరారు. అతను పనిబట్టలతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎందుకు తోమావని ఆయన అడిగింది నేను తెలుగులో చెప్పాను. అతను తలవంచుకుని చెప్పింది ఇంగ్లీషులో చెప్పాను. పనిముట్టుకు ఏడాదికి ఒక రోజు పండుగ, ఆ రోజు దానికి మనం స్నానం చేయించాలి, అంతే.

ఇంజనీరుగారు ఆ పండుగ ఏ తేదీన జరిగిందని నన్ను అడిగారు. చెప్పాను. శుక్రవారమని కూడా చెప్పాను. అప్పుడు ఆయన కఫీల్ వైపు తిరిగి ఒక కోరిక కోరారు. వాళ్ళ దేశంలో కత్తికి ఏం జరిగినా, కురచ చేసినా, పిడి మార్చినా, దాని చెక్క ఒర మీదో పెట్టె మీదో ఎవరు ఎప్పుడు చేశారో రాసి పెడతారట. ఇది కూడా రాయించమన్నారు, తోమినవాడి పేరుతో, అతని భాషలో.

“నాలుగు వందల ఏళ్ళ కత్తికి ఇదే మొదటి నిజమైన తేదీ,” అన్నారు. “దాన్ని నేను ఇక్కడ వదిలి వెళ్ళలేను.”

కఫీల్ ఒకసారి గుమ్మం వైపు చూశాడు. తరువాత కహ్వా, అంటే అరబ్బు కాఫీ, పోసే మనిషికి కంటితో సైగ చేశాడు. అతను గిన్నె తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి కమ్మరికి అందించాడు. నేను బయలుదేరుతుంటే, పాస్‌పోర్టు ఉన్నచోటే పెట్టేయమని కఫీల్ మెల్లగా చెప్పాడు.

మరుసటి రోజు నా గదిలో, నల్ల సిరాతో, కత్తి కోసం చేయించిన చెక్కపెట్టె మూత లోపలి వైపు నేనే రాశాను. 1981 అక్టోబరు 9, శుక్రవారం, దుబాయ్, దసరా పూజ కోసం ఈ కత్తి తోకను తోమినవాడు ఫలానా కమ్మరి. అతను పక్కన నిలబడి, తన పేరులోని ఒక్కొక్క అక్షరం ఆరేదాకా చూశాడు. పుట్టిన తేదీ కూడా రాస్తారా అని అడిగాడు. రాయనన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కుంకుమ బొట్టును ఇంజనీరుగారు తుడవనివ్వలేదు. పిడి తొడిగి మేకు బిగిస్తూ, తుప్పు గురించి దిగులుపడవద్దని అతనికి చెప్పమన్నారు. అది తిరిగి వస్తుందట. రెండు మూడు వందల ఏళ్ళు ఓపిక పడితే చాలునట.

అతను ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు ఆ కొలిమి ముందే ఉన్నాడు. నేను 1988లో తిరిగి వచ్చేశాను. ఇప్పుడు కూడా కొన్ని మధ్యాహ్నాలు కళ్ళు మూసుకుంటే ఆ చల్లని గది అద్దం మీద నీటి చారలు జారుతూ ఉంటాయి. ఎక్కడో జపాన్‌లో, చీకటి పిడి లోపల, ఎవరూ చూడకుండా, తుప్పు తన పని మొదలుపెట్టి ఉంటుంది. మొదలైన తేదీ మాత్రం నా దగ్గర రాసి ఉంది.